పెట్టెలో దొంగ

దాజీ పేట్, సోలాపూర్
14 జూన్ 1998

తమ్ముడు దత్తాత్రికి,

నువ్వూ శాంతా బాగున్నారని తలుస్తాను. ఇక్కడ ఒక వాన పడి ఊరుకుంది. ఉక్కకు తునికాకు తొందరగా ఎండిపోతోంది. తడిగుడ్డ కప్పుకుంటూ బీడీలు చుడుతున్నాను. నీ మేనకోడలు పద్మ మిరజ్ నర్సింగ్ హాస్టల్ నుంచి ఉత్తరం రాసింది. అక్కడి చపాతీలు ఇప్పుడిప్పుడే అలవాటవుతున్నాయట.

నీతో పనిపడి రాస్తున్నాను. ఎస్టీడీ ఫోన్ బూత్‌లో నిలబడి చెప్పుకునే సంగతి కాదు. వెనక నిలబడ్డవాళ్లంతా వింటారు, సాయంత్రానికి పేటంతా తెలుస్తుంది.

మీ బావ కంప్యూటర్‌కు ఏదో అయింది. నువ్వే చూసి ఇప్పించావు కదా. పాతదే అయినా ఇన్నాళ్లూ బాగా నడిచింది. గ్రాఫు కాగితం మీద గడి గడికీ కుంచెతో రంగు నింపుకుంటూ నెల పట్టే చద్దరు డిజైన్ దాని మీద వారంలో అయ్యేది. ఇప్పుడు పొద్దున స్విచ్చి వేస్తే, నేను చాయ్ పెట్టి, ఆయన తాగి, గ్లాసు కడిగి బోర్లించేదాకా ఆ ఇసుక గడియారం బొమ్మ కదలదు. గీసి దాచుకున్న పువ్వు మర్నాడు దొరకదు. దొరికినా రంగులు వేరేగా ఉంటాయి. మీ బావ చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని దాని వంకే చూస్తూ కూర్చుంటాడు. అడిగితే, "మిషిన్ సుస్తయింది చంద్రా. నేనొకటి చెప్తె అదొకటి చేస్తున్నది" అంటాడు.

కుంఠా నాకా లింగయ్య సేటు దీపావళి చద్దర్లకు కొత్త డిజైన్లు అడిగాడు. ఆయన కార్ఖానాలో జకార్డు మగ్గాలన్నీ ఇన్నేళ్లుగా మీ బావ గీసిన పూల మీదే నడిచాయి. ఇంతవరకు ఒక్క డిజైన్ కూడా వెళ్లలేదు. సేటు మర్యాదస్తుడు కాబట్టి ఇంకా మాట అనలేదు.

దానికి ఏదైనా మందు ఉంటే చెప్పు. నీకంటే తెలిసినవాళ్లు మాకెవరున్నారు.

నీ అక్క
చంద్రభాగ


భవానీ పేట్, పూణె
22 జూన్ 1998

అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది. నీకూ బావకూ మా ఇద్దరి నమస్కారాలు. శాంతకు నెల తప్పింది. ఈ మాట ముందు నీకే రాస్తున్నాను. వాళ్ల అమ్మకు కూడా ఇంకా చెప్పలేదు.

కంప్యూటర్ గురించి కంగారు పడకు. నువ్వు చెప్పిన గుణాలన్నీ చూస్తే దానికి వైరస్ పట్టినట్టుంది. వైరస్ అంటే మనుషులకు అంటుకునేది కాదు. ఎవడో పనిలేనివాడు రాసి వదిలిన దొంగ ప్రోగ్రాం. ఒక కంప్యూటర్‌లోని ఫ్లాపీ తెచ్చి ఇంకోదాంట్లో పెడితే దాంట్లోకి ఎక్కుతుంది. ఎక్కాక లోపల చోటంతా అదే ఆక్రమిస్తుంది, మన పని మెల్లగా సాగుతుంది. బావ కార్ఖానా నుంచి ఫ్లాపీలు తెస్తుంటాడా? అదొకటి కనుక్కో.

దీన్ని వదిలించే ప్రోగ్రాంలు చాలా ఉన్నాయి. ఇక్కడ రోడ్డు మీద సీడీలు అమ్ముతారు, పది ప్రోగ్రాంలు ఒక్కదాంట్లోనే. అది వద్దు. వైరస్ పోవడానికి తెచ్చిన సీడీలోనే వైరస్ ఉంటుంది. విదేశీ కంపెనీది ఒకటి మంచి పేరున్నది. కాని అది బరువైనది, బావ మెషిన్ దాన్ని మోయలేక ఇంకా నెమ్మదిస్తుంది. పూణెలోనే తయారైనది ఒకటి ఉంది. ఫ్లాపీల మీద వస్తుంది, తేలిక. మా కంప్యూటర్ రిపేరు దుకాణంలో మేము దాన్నే వాడుతున్నాం. ఏది కావాలో బావనే అడుగు. ఆయన చేతి పనిముట్టు అది, ఆయన మాటే ఉండాలి.

అంతవరకు బయటి ఫ్లాపీలేవీ పెట్టవద్దు.

నీ తమ్ముడు
దత్తాత్రి


దాజీ పేట్
5 జూలై 1998

దత్తా,

శాంత మాట చదివి మార్కండేయుడి గుడిలో కొబ్బరికాయ కొట్టి వచ్చాను. బరువులు ఎత్తనీయకు. ఐదో నెలలో నేను వస్తాను.

నువ్వు అంటుకోదని రాసినా, పక్కింటి ద్రౌపది నమ్మలేదు. కంప్యూటర్‌కు జబ్బు వచ్చిందని తెలిసినప్పటి నుంచి గుమ్మంలోనే నిలబడి మాట్లాడి పోతోంది. నాకు నవ్వొచ్చింది. చాలా రోజులకు నవ్వాను.

ఫ్లాపీలు కార్ఖానా నుంచి వస్తాయి, పోతాయి. నువ్వన్నది అదే అయ్యుంటుంది. మందుల సంగతి మీ బావకు చెప్పాను. పూణెదే చాలన్నాడు. అంతలోనే ఇంకో మాట అన్నాడు, అది నీకు రాయాలి.

"చంద్రా, లోపల ఎవడో కూసున్నడు. నేను గీసేదంత జూస్తుండు. నేను లేవంగనే పువ్వు తీస్కపోతుండు."

"ఎవడు?" అన్నాను.

ఆయన ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు. "జోర్‌గ మాట్లాడకు, ఇంటడు. నా పువ్వులన్ని ఏడనో అమ్ముకుంటుండు."

అప్పటి నుంచి అన్నానికి లేచినా సరే, కంప్యూటర్ మీద తన టవల్ కప్పి లేస్తున్నాడు. ఒకసారి నా పాత చీర అడిగి తీసుకున్నాడు, టవల్ పల్చగా ఉందట, దానిలోంచి కనబడుతుందట. దత్తా, అట్లా లోపల కూర్చుని చూసి దొంగిలించే ప్రోగ్రాంలు ఉంటాయా? ఉంటే వాటికీ మందు పంపు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు.

ఈ బెంగతో మనిషి అలసిపోతున్నాడు. మొన్న కుంఠా నాకాలో డిజైన్ ఇచ్చి వస్తానని బయలుదేరినవాడు మధ్యాహ్నం దాటాక, ఆ తోవలోనే లేని హోట్గి రోడ్ వైపు నుంచి వచ్చాడు. ఎవరో దోస్తు కలిశాడన్నాడు. ఇవ్వాల్సిన ఫ్లాపీ జేబులోనే ఉంది. చెప్పులకు ఎర్రమట్టి. నేనే కడిగి పెట్టాను. కంప్యూటర్ బాగుపడితే ఆయన కూడా కుదుటపడతాడు.

తొందరగా పంపు.

అక్క


భవానీ పేట్, పూణె
15 జూలై 1998

అక్కా,

రేపు మీ పేటకు వస్తున్న ఎల్లయ్య మామ చేతికి ఈ ఉత్తరం, రెండు ఫ్లాపీలు ఇస్తున్నాను. నీకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు కాబట్టి నువ్వే చేయగలవు. కంప్యూటర్ ఆపి, మొదటి ఫ్లాపీ పెట్టి, అప్పుడు స్విచ్చి వెయ్యి. తెర నల్లగా వస్తుంది, భయపడకు. వేరే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసినవి వరసగా కొట్టు. ప్రతి వరస తరువాత ఎంటర్ నొక్కు. అది ఒక్కో పేరు చదువుకుంటూ పోతుంది. వైరస్ కనబడితే ఎర్రగా చూపి, తీసేయాలా అని అడుగుతుంది. వై అక్షరం నొక్కు. చివరకు మొదటి ఫ్లాపీ తీసి రెండోది పెట్టమంటుంది. అంతే.

దొంగ సంగతి. బావ ఊరికే అనలేదు, అట్లాంటి గూఢచారి ప్రోగ్రాంలు ఈ మధ్య నిజంగానే వస్తున్నాయి. లోపల దాక్కుని మనం ఏం చేస్తున్నామో చూసి ఇంకెవరికో చేరవేస్తాయి. కాని చేరవేయాలంటే ఫోన్ తీగ కావాలి. మీ ఇంట్లో ఫోనే లేదు కదా. కాబట్టి మన పెట్టెలో దొంగ లేడని బావకు ధైర్యం చెప్పు. ఉన్నా ఈ ప్రోగ్రాం వాణ్ని కూడా పట్టుకుంటుంది.

[రెండో కాగితం]

ఇంకో ముఖ్యమైన మాట. దీన్ని నువ్వే మెల్లగా బావకు చెప్పాలి. నేరుగా అంటే మనసు కష్టపెట్టుకుంటాడు. మెమరీ బాగా తక్కువైంది. వయసైపోయింది, ఇంకా ఎన్నాళ్లో నడవదు. పాతవన్నీ పట్టుకుని కూర్చుంటే కొత్తవి ఎక్కవు. పాతవి తీసేస్తే కొత్తవాటికి చోటు దొరుకుతుంది. అది ఎట్లాగో వచ్చే ఉత్తరంలో వివరంగా రాస్తాను.

శాంతకు వాంతులు. పచ్చి మామిడి తప్ప ఏదీ సహించడం లేదు. ఈ కాలంలో పచ్చి మామిడి ఎక్కడ తేను.

దత్తాత్రి


దాజీ పేట్
2 ఆగస్టు 1998

దత్తా,

రాఖీ ఇందులోనే పెట్టాను. పున్నమికి అందుతుందని ఆశ. నా బదులు శాంతతో కట్టించుకోకు, భార్య కట్టకూడదు. పక్కింటి అమ్మాయి ఎవరైనా ఉంటే కట్టించుకో.

నువ్వు చెప్పినట్టే చేశాను. చేతులు కడుక్కుని, దేవుడికి దండం పెట్టుకుని కూర్చున్నాను. తెర నల్లబడగానే నీ కాగితం తీసి మళ్లీ చదువుకున్నాను. తరువాత పేర్లు పరుగెత్తాయి. ఎర్రగా వచ్చిన ప్రతిసారీ వై నొక్కాను. బీడీ ఆకులు కత్తిరించినట్టు ఒకటి తరువాత ఒకటి పోయాయి. తీసేసి మళ్లీ స్విచ్చి వేస్తే, తమ్ముడూ, నేను చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టకముందే తెర మీద బొమ్మలన్నీ వచ్చి కూర్చున్నాయి. ద్రౌపది ఇప్పుడు లోపలికి వచ్చి కూర్చుంటోంది.

కాని మీ బావ సంతోషపడలేదు. నీ ఉత్తరం వచ్చిన మర్నాటి నుంచి నాతో మాట్లాడడం తగ్గించాడు. "వానికి నువ్వే రాసినవా?" అని ఒకసారి అడిగాడు. కంప్యూటర్ గురించి అడుగుతున్నాడనుకుని అవునన్నాను. తల ఊపాడు. అప్పటి నుంచి వీపు నా వైపు పెట్టి కూర్చుంటాడు.

కంప్యూటర్ పరుగెత్తుతోంది, పువ్వు మాత్రం తిన్నగా రావడం లేదు. గీసిన రేక మీదే మళ్లీ రేక గీస్తున్నాడు. ఒక డిజైన్ లింగయ్య సేటు తిప్పి పంపాడు. కుడి అంచులో సగం పువ్వు, ఎడమ అంచులో సగం పువ్వు రెండూ కలిస్తేనే కదా చద్దరు మీద నిండు పువ్వు పడేది. రెండు వైపులా వేర్వేరు పువ్వులున్నాయట. మీ బావ ఇలాంటి పని ఇంతకు ముందెన్నడూ చేయలేదు.

ఇంకా ఏదో వైరస్ మిగిలిపోయింది. ఆ విదేశీ మందు బరువైనా సరే, అది కూడా పంపు.

అక్క


భవానీ పేట్, పూణె
11 ఆగస్టు 1998

అక్కా,

రాఖీ పున్నమినాడే అందింది. ఇంటి ఓనరు కూతురు కట్టింది.

విదేశీ ప్రోగ్రాం పంపడం లేదు. అది అక్కర్లేదు. వైరస్ పోయింది, నువ్వు చేసిన పని మా దుకాణంలో ఎవరు చేసినా అంతకంటే బాగా చేయరు. వైరస్ కంప్యూటర్‌ను మందగించేలా చేస్తుంది, దాచుకున్నవాటిని పాడు చేస్తుంది. రెండు అంచుల్లో రెండు వేర్వేరు పువ్వులు మాత్రం గీయలేదు.

నిన్న నీ ఉత్తరాలన్నీ ముందు పెట్టుకుని మళ్లీ చదివాను. నువ్వు కంప్యూటర్ గురించి రాసిన వాక్యాలే చదివానని అప్పుడు తెలిసింది. హోట్గి రోడ్ సంగతి చదివీ వదిలేశాను. పుట్టి పెరిగిన ఊళ్లో, రోజూ నడిచే తోవలో బావ ఎందుకు తప్పిపోయాడు? టవల్ కప్పడం, గొంతు తగ్గించడం, నువ్వు రాస్తుంటే నేను ఫోన్ తీగల గురించి జవాబిచ్చాను.

అడగడానికి భయంగానే ఉంది. బావ ఇంకేమైనా మరచిపోతున్నాడా? మనుషుల పేర్లు, తిన్న అన్నం, అట్లాంటివి? నువ్వు దాస్తున్నావని అనడం లేదు. రోజూ చూసేవాళ్లకు కనబడదు. ఇక్కడ పెద్ద ఆసుపత్రిలో మెదడు డాక్టరు ఉన్నాడు. ఒకసారి తీసుకొస్తే చూపిద్దాం.

కోపగించుకోకు.

దత్తాత్రి


దాజీ పేట్
23 ఆగస్టు 1998

దత్తాత్రికి,

కోపగించుకోవద్దని రాసి నువ్వు రాసిన మాట ఏమిటో నీకు తెలుసా? మా ఆయనకు పిచ్చి అని రాశావు. ఇరవై ఏళ్లుగా ఈ పేటలో అంబాదాస్ అంటే చేతులెత్తి మొక్కే మగ్గంవాళ్లున్నారు. ఈ ఊరు దాటి వెళ్లిన చద్దర్లలో ఎన్నిటి మీద ఆయన పూలున్నాయో నీకు తెలుసు. చిన్నప్పుడు నువ్వు ఆయన పక్కన కూర్చుని గ్రాఫులో రంగులు నింపావు. ఇప్పుడు పూణె వెళ్లి నాలుగు కంప్యూటర్లు విప్పేసరికి ఆయన మెదడు కూడా విప్పి చూడాలనిపిస్తోందా?

ఆ మాట అలా ఉంచు. నువ్వు పంపిన మందు ఏం చేసిందో విను. లింగయ్య సేటు నిన్న తనే వచ్చాడు. కొత్తది కాకపోతే పాత డిజైన్లలో ఇంకా మగ్గం ఎక్కనిది ఏదో ఒకటి ఇవ్వు, దీపావళికి అదే నేయిస్తానన్నాడు. మీ బావ కదలకుండా కూర్చున్నాడు. నేనే వెళ్లి కంప్యూటర్ తెర మీద డిజైన్లు ఉండే డబ్బా బొమ్మ తెరిచాను. ఖాళీ. ఒక్కటి కూడా లేదు. గ్రాఫు కాగితాలు కిందటేడు వాననీళ్లలో తడిసి పోయాయి కదా, ఇన్నేళ్ల పనంతా అందులోనే ఉండేది.

సేటు ముందే మళ్లీ మళ్లీ వెతికాను. ఆయన చాయ్ కూడా తాగకుండా లేచాడు. ద్వారం దగ్గర నాతో, "వదినా, పోరగాండ్లు కూలికి నిలబడ్డరు, మగ్గాలు బంద్ పెట్టలేను. ఈసారి వేరేటోన్ని చూస్కుంటా, మాఫ్ చేయి" అన్నాడు.

ఎర్రగా వచ్చినవాటికల్లా వై నొక్కమన్నావు. నొక్కాను. నా చేత్తోనే నొక్కాను. నీ మందు వైరస్‌తో పాటు ఆయన పూలన్నీ తినేసింది. ఇక నాకు ఉత్తరం రాయకు.

చంద్రభాగ


భవానీ పేట్, పూణె
29 ఆగస్టు 1998

అక్కా,

రాయవద్దన్నా రాస్తున్నాను, ఇది ఒక్కటి చదువు.

నువ్వు నొక్కిన అక్షరం వల్ల ఆ డిజైన్లు పోలేదు. ప్రమాణం చేసి చెబుతున్నాను. ఆ ప్రోగ్రాం గీసిన బొమ్మలను ముట్టుకోదు, ముట్టుకుని ఉంటే అన్నీ ఆ రోజే పోయేవి, ఆ తరువాత నువ్వే పువ్వు సరిగా రావడం లేదని రాశావు, సేటుకు డిజైన్ వెళ్లింది. తరువాత ఎవరో ఒక్కొక్కటిగా తీశారు. ఎవరన్నది నేను అనను. నీ చేతిని నువ్వు తిట్టుకోకు.

ఎవరూ దాన్ని ముట్టుకోకుండా స్విచ్చి తీసి ఉంచండి. తీసేసిన వాటిని కొన్నిసార్లు తిరిగి రప్పించవచ్చు. వినాయకుడి నిమజ్జనం సెలవుల్లో నేనే వస్తున్నాను.

దత్తా


దాజీ పేట్
12 సెప్టెంబర్ 1998

దత్తా,

నువ్వు క్షేమంగా చేరావని ఎల్లయ్య మామ చెప్పాడు. బాగుచేయడానికి తీసుకెళ్లిన కంప్యూటర్ పెట్టెను బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావట. నువ్వు ఇంటికి వచ్చినప్పుడు మొదటి రోజు నేను నీకు సరిగా అన్నం కూడా పెట్టలేదు. పెట్టింది తిని లేచావు. అది గుర్తొస్తే ముద్ద దిగడం లేదు.

మీ బావ నిన్ను గుర్తుపట్టాడు, అది చాలనుకున్నాను. గుమ్మంలో నిన్ను చూడగానే "దత్తా, కాలేజ్ ఇడిసిన్రా?" అన్నప్పుడు, కాలేజీ చదువు ముగిసి ఇన్నేళ్లయినా, నువ్వు తల దించుకుని "ఇడిసిన్రు బావా" అన్నావు. అప్పుడే నాకు ఇంక దాచుకోవడానికి ఏమీ మిగలలేదు. అంతకు ముందు రోజు కూడా నన్ను రెండుసార్లు వాళ్ల అమ్మ పేరు పెట్టి పిలిచాడు. అవన్నీ చూస్తూనే ఉన్నాను, దత్తా. చాలా రోజుల నుంచి. కంప్యూటర్ పాడైందని రాసినప్పుడు కూడా నాలో ఏదో తెలుస్తూనే ఉంది. పెట్టె పాడైతే బాగుచేయవచ్చు కదా అని దాన్నే పట్టుకున్నాను.

నువ్వు వెళ్లాక పక్కన కూర్చుని మెల్లగా అడిగాను. "నీ పూలన్ని ఎవరు తీసిన్రు?"

ఆయన చొక్కా జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీశాడు. నీ ఉత్తరం రెండో కాగితం, నేను అప్పుడు చూడనే లేదు. మొదటిది చూసుకుంటూ నేను కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు అది బల్ల మీదే ఉండిపోయిందేమో. అందులో ఎక్కడా కంప్యూటర్ మాట లేదు. మెమరీ తక్కువైందని, వయసైపోయిందని, నేరుగా చెబితే బాధపడతాడని ఉంది.

"నువ్వు రాస్తెనే గద వానికి తెలిసింది" అన్నాడు. కోపం లేదు. "మంచిదే చేసినవ్. నాక్కూడ తెలుస్తనే ఉండె. పాతయి తీస్తె కొత్తయి ఎక్కుతయని వాడు రాసిండు. వాడు సదువుకున్నోడు. అయ్యన్ని నా తలల గూడ ఉన్నయ్ గద, ఆడ తీస్తె ఈడ గూడ జాగ అయితదనుకున్న. రోజు కొన్ని తీసిన."

"అయిందా జాగ?" అన్నాను. ఎందుకు అడిగానో తెలియదు.

"లేదే చంద్రా" అన్నాడు. "అయ్యి గూడ పోయినయ్."

నేను పక్క గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. తిరిగి వచ్చేసరికి ఆయన నా ఆకుల గంప ముందు కూర్చుని, ఎండిన ఆకుల మీద నీళ్లు చిలకరిస్తున్నాడు.

ఈ సంగతి నీకు రాయకూడదనే అనుకున్నాను. రాయకపోతే ఎప్పుడో ఆయన నోటే వింటావు. నువ్వు మంచి కోసం రాశావు. తప్పు నీది కాదు, నాదీ కాదు. ఈ మాట నువ్వు నమ్మాలి, లేకపోతే నేనూ నమ్మలేను.

వచ్చే వారం ఆయనను తీసుకుని పూణె వస్తున్నాను. డాక్టరుతో మాట్లాడి ఉంచు.

అక్క


భవానీ పేట్, పూణె
18 అక్టోబర్ 1998

అక్కా,

మీరు వెళ్లినప్పటి నుంచి ఇల్లు బోసిగా ఉంది. నువ్వు చేసి పెట్టిన జొన్నరొట్టెల కారం శాంత ఇంకా దాచుకుని తింటోంది. డాక్టరు మిగతా కాగితాలు ఇచ్చాడు. నీ ముందు చెప్పిన మాటే, మరపు జబ్బు. యాభై దాటీ దాటకముందే ఇట్లా రావడం అరుదట. మాత్రలు వేస్తే కొంచెం నెమ్మదిస్తుందేమోనన్నాడు, ఆగుతుందని అనలేదు. బయటికి ఒంటరిగా పంపవద్దన్నాడు. జేబులో మీ ఇంటి అడ్రసు రాసి పెట్టు.

డిజైన్ల సంగతి రాయడానికి ఇన్నాళ్లు వాయిదా వేశాను. పోయినవాటిని వెనక్కి తెచ్చే ప్రోగ్రాంలు దొరికినవన్నీ ప్రయత్నించాను. దుకాణం మూసిన తరువాత కూర్చుని చూశాను, మా దుకాణం సేటు కూడా సాయం పట్టాడు. తీసేసిన చోట్ల మీదే బావ తరువాత గీసినవి పడ్డాయి. కొన్ని ముక్కలు వచ్చాయి. ఒక దాంట్లో ఆకు, ఇంకో దాంట్లో అంచు. నిండుగా ఒక్కటి కూడా రాలేదు.

నువ్వు తప్పు నాది కాదన్నావు. నమ్మడానికి ప్రయత్నిస్తున్నాను. దుకాణంలో ఎవరైనా వచ్చి మెమరీ తక్కువైందంటే నేను వినలేకపోతున్నాను, ఇంకొకరికి అప్పజెప్పి బయటికి వస్తున్నాను. బావ నాకు కుంచె పట్టడం నేర్పాడు. గడి దాటి రంగు పోతే చేతి మీద కొట్టేవాడు కాదు, తన బొటనవేలితో తుడిచేవాడు.

కంప్యూటర్ శుభ్రంగా ఉంది. పంపమంటావా?

దత్తా


దాజీ పేట్
21 ఫిబ్రవరి 1999

దత్తా,

శాంత తేలిగ్గా ప్రసవించిందని, ఆడపిల్ల అని పద్మ ఫోన్లో చెబితే బూత్‌లో నిలబడే ఏడ్చాను. ఈసారి ఎవరు విన్నా నాకేం సిగ్గనిపించలేదు. పురుడుకు రాలేకపోయాను, ఈయనను వదిలి రావడం కుదరదు. కోపం పెట్టుకోవద్దని శాంతకు చెప్పు. పిల్లకు ఆముదం రాసి నీళ్లు పోయండి, సబ్బు తొందరపడి వాడకండి.

కంప్యూటర్ అక్కడే ఉంచుకో, లేదా ఎవరైనా నేర్చుకునేవాళ్లకు ఇవ్వు. నేను మళ్లీ బీడీలు ఎక్కువ చుడుతున్నాను. ద్రౌపది తన పని తెచ్చుకుని ఇక్కడే కూర్చుంటుంది. నేను కంపెనీ బ్రాంచికి బీడీలు ఇచ్చి వచ్చేదాకా ఆయనను చూసుకుంటుంది. లింగయ్య సేటు అప్పుడప్పుడు వచ్చి ఆయన పక్కన కాసేపు కూర్చుని పోతాడు. 

నీకు చెప్పాల్సింది ఒకటుంది. నిన్న నీ కూతురికి ఏదైనా కొందామని ఆయనను వెంటబెట్టుకుని బజారుకు వెళ్లాను. చెయ్యి వదలకుండా నడిచాడు. సుందరాబాయి చద్దర్ల దుకాణం ముందు మాత్రం ఆగిపోయాడు. కుప్పలోంచి ఒక చద్దరు లాగి, దుకాణం గట్టు మీద పరిచాడు. మామిడికాయల గుత్తి, చుట్టూ తీగ. నేను చూడగానే గుర్తుపట్టాను. పద్మ బడికి పోతున్న రోజుల్లో ఆయనే గీశాడు. ఆ తీగ తిరగడం కుదరక ఆయన వారం రోజులు సరిగా అన్నం తినలేదు.

ఆయన వేలితో తీగ వెంట పోయాడు. ఒక మూల నుంచి బయలుదేరి నాలుగు అంచులూ తిరిగి వచ్చాడు. "చూడు" అన్నాడు నాతో. "ఏడ మొదలైందో, ఏడ అయిపోయిందో తెల్వకుంట కలిపిండు. గీసినోడు ఎవడో గని, చెయ్యి మంచిగుంది వానిది."

"అవును, మంచిగ గీసిండు" అన్నాను.

"ఈ ఊరోడేనా?"

"ఈ ఊరోడే."

ఆయన తీగ మీద మళ్లీ వేలు పెట్టాడు. సుందరాబాయి ఎవరికో చద్దరు మడిచి ఇస్తోంది, మా వైపు చూడలేదు. "ఉన్నడా?" అని అడిగాడు.

"ఉన్నడు" అన్నాను.

"అయితె చెప్పాలె వానికి. ఎవరు చెప్తరు గిసోంటి పని చేసెటోల్లకు. పైసలిచ్చి తీస్కపోతరు, కప్పుకుంటరు. నువ్వు చెప్పు. మంచిగ చేసినవ్ అని చెప్పు."

"చెప్తా" అన్నాను. "మంచిగ చేసినవ్" అని ఆయన ముఖంలోకి చూసి అన్నాను.

"గట్లనే చెప్పు" అన్నాడు.

ఆ చద్దరు నీ కూతురికి పంపుతున్నాను. చలి ఇంకా పోలేదు, కప్పండి.

మీ అక్క
చంద్రభాగ